రెజీనక్క సంచీలో మిషన్లు

రెజీనక్క భుజాన ఎప్పుడూ ఒక నీలం సంచీ వేలాడుతుంటుంది. అందులో ఏముంటాయో జువ్వలదిన్నెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వేలికి క్లిప్పులా తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషను, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే మిషను, కడుపుతో ఉన్నవాళ్ళ పొట్టమీద ఆనిస్తే బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషను, షుగరు మిషను. అన్నీ అరచేతిలో పట్టేంతవే, అన్నీ బ్యాటరీలతో నడిచేవే. చర్చి ఆవరణలో ఉన్న రెండు గదుల క్లినిక్కులో ఆమె నర్సు. డాక్టరుగారు వారానికి రెండుసార్లు కావలి నుంచి వచ్చిపోతారు. మిగతా రోజుల్లో ఊరివాళ్ళకు ఆ సంచీయే దిక్కు.

మేము ఈ ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా ఆయన కిషోర్ బాబు హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పని చూస్తాడు. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, కావలిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా పాప షారన్‌కు నాలుగేళ్ళు. చదువు వల్ల నాకు ఒరిగిందేమిటంటే, మామూలు తల్లికి పాప దగ్గితే దగ్గుగానే వినిపిస్తుంది, నాకు మాత్రం పుస్తకాల్లో చదివిన పేర్లన్నీ వినిపిస్తాయి. ఒక ఆక్సిజన్ క్లిప్పు నేనూ కొని దాచుకున్నాను. పాప నిద్రపోయాక దాని వేలికి పెట్టి చూసుకుంటానని తెలిసి రెజీనక్క పడీపడీ నవ్వింది.

"బిడ్డ గురకపెడతా ఉంటే ఊపిరుందో లేదో మిషన్ని అడుగుతావా టీచరమ్మా? ఆ క్లిప్పు పాపకు కాదు, నీకు పెట్టాల. నీ గుండె ఎంత పరిగెత్తుతుండాదో చూస్తే తెలస్తది నీ జబ్బు."

నవ్వుతుందే గానీ, మిషన్ల సంగతి ఏం చెప్పినా చెవులు రిక్కించుకుని వింటుంది. ఆ క్లిప్పు లోపల ఎర్రటి వెలుగు వేలి గుండా ఇవతలికి వచ్చి రక్తం రంగును కొలుస్తుందని చెబితే, ఆ రోజంతా కనిపించినవాళ్ళ వేళ్ళను టార్చిలైటుకు అడ్డంపెట్టి చూసింది. ఒకసారి రొయ్యల షెడ్డు నుంచి ఒకామె ఆయాసంతో వచ్చింది. క్లిప్పు పెడితే అంకె రాదు, గీతలే వస్తాయి. రెజీనక్క ఇంకో వేలు చూసింది, తర్వాత తన వేలికే పెట్టుకుని చూసింది. తనకు వచ్చింది. అప్పుడామె చేతులు పట్టుకుని, "ఓయమ్మో, ఇవి చేతులా, ఐసుగడ్డలా? పొద్దున్నుంచీ ఐసులో రొయ్యలు ఒలిచి వచ్చుండావు. మిషను నిన్ను మనిషి కాదనుకుంటుండాది" అని ఆ చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని వేడెక్కించింది. కాసేపటికి అంకె వచ్చింది. మందు రాసిచ్చే డాక్టరుగారికి ఫోనుచేసి అంకె చెప్పింది, చంకల సంగతి కూడా చెప్పింది.

రెజీనక్కది గూడూరు. వాళ్ళ నాయన నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరి గ్రేడు చేసేవాడు. ఆయన కాలికి చిన్న పుండు పడింది. చెప్పు కరిచిందనుకున్నాడు. షుగరు ఉందని తెలిసేసరికి కాలు మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఈమె నర్సు చదువులో చేరింది. చదువు మధ్యలో ఉండగానే ఈ ఊరి యెహోషువతో పెళ్ళయింది. పెళ్ళయ్యాక చదువెందుకన్నారు అత్తింట్లో కొందరు. అప్పుడు భర్త అన్న లాజరస్, "సగం అల్లిన వల ఎవరన్నా సముద్రంలో వేస్తారా? పిల్లని చదవనీండి" అని గట్టిగా చెప్పి, చదువు అయ్యేదాకా రోజూ తన మోటారుసైకిలు మీద బస్సు దగ్గరికి దించి వచ్చేవాడట.

ఆ లాజరస్ కాలికే ఇప్పుడు పుండు పడింది. బొటనవేలి కింద. దానికి పాతలుంగీ గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు. విప్పి చూపించమంటే చూపించడు.

"చెప్పు కరిచింది మే. దానికి కూడా మిషనుందా నీ సంచీలో?"

వాళ్ళ నాయన అన్న మాటే ఆయనా అన్నాడు. ఒకసారి క్లినిక్కులో పట్టుబట్టి కూర్చోబెట్టి వేలు గుచ్చి చూసింది. షుగరు బాగా ఎక్కువ వచ్చింది. "ఇందాకే టీ తాగినా. అదే చూపించుండాది" అని లేచి పోయాడు. మళ్ళీ చూద్దామంటే ఆ పక్కకు రావడం మానేశాడు. వేటకు పోవడం మానేసి వలలు బాగుచేసుకుంటూ ఉండే మనిషి, కాలు పోతే ఏమవుతాడోనని ఆమె నా దగ్గర ఒకటికి పదిసార్లు అంది.

లాజరస్‌కు ఊళ్ళో ఇంకో పని కూడా ఉంది. ఏటా కోత పండుగనాడు చర్చిలో వేలంపాట ఆయనే నడుపుతాడు. పొలం ఉన్నవాళ్ళు గింజలూ కాయలూ, వేటకు పోయేవాళ్ళు చేపలూ రొయ్యలూ, ఏదీ లేనివాళ్ళు కోడో గుమ్మడికాయో దేవుడికి తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని పాట పెడతారు. ఆయన గొంతుకు పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు వస్తారు. ఈ ఏడు పండుగకు వారం ముందు రెజీనక్క పోయి పోయి ఆయన వల దగ్గరే కూర్చుంది.

"బావా, నీకు కావలసింది ఏంది? మిషను నిజం చెప్తుండాదని నీకు నమ్మకం కుదరాల. అంతేగదా?"

"పండగనాడు అందరి ముందరా చూడు" అన్నాడాయన, ఆమెను వదిలించుకోవడానికి. "అప్పుడు కూడా అదే మాట చెప్తే నీతో కావలికి వస్తా. ఇంజక్షన్లన్నా పొడిపించుకుంటా. అందరి ముందర పాడిన పాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు."

అందుకని ఈసారి పండుగలో వేలంపాట పందిరి పక్కనే, క్లినిక్కు వరండాలో, రెజీనక్క బల్ల వేసుకుని కూర్చుంది. షుగరు ఎవరికైనా చూస్తానని పాస్టరుగారితో చెప్పించింది. నేను సాయం కూర్చున్నాను. నాకూ ఒక పని ఉంది అక్కడ. షారన్ కొన్నాళ్ళుగా నీళ్ళు ఎక్కువ తాగుతోంది, రెండుసార్లు పక్క తడిపింది. ఎండాకాలం కదా అని కిషోర్ అంటాడు. ఎండాకాలమేనని నాకూ తెలుసు. కానీ చిన్నపిల్లలకు వచ్చే షుగరు గురించి కూడా తెలుసు.

పాట మంచి ఊపులో ఉంది. లాజరస్ మైకు పట్టుకుని పుచ్చకాయను పసిబిడ్డలా ఎత్తి చూపిస్తున్నాడు. "ఏందయ్యా, నోట్లో నాలికలేదా? ఈ కాయ కోసం మా వదిన పాడుతుండాది, మా అన్న చెయ్యి పట్టుకుని ఆపుతుండాడు, చూస్తుండానులే!" అందరూ నవ్వుతున్నారు. తర్వాత పనసపండు వచ్చింది. దాన్ని పాట పెట్టేముందు కోసి, తొనలు తీసి పంచడం ఇక్కడి అలవాటు. రుచి చూడకుండా పాడితే దేవుడికి మొక్కుబడిగా ఇచ్చినట్టట, మోజుతో ఇచ్చినట్టుండాలట. లాజరస్ చేతులకు నూనె రాసుకుని తొనలు చీల్చి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చేతుల్లో పెట్టాడు. పందిరంతా పనసవాసన.

అది అయ్యాక ఆయన మైకు పక్కనపెట్టి మా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకే జనం. చొక్కా చెయ్యి పైకి లాక్కుని కుడిచెయ్యి చాపాడు. రెజీనక్క స్పిరిట్ దూదితో వేలు తుడిచి, సూదితో గుచ్చి, చిన్న రక్తపుబొట్టును స్ట్రిప్పుకు తగిలించింది. మిషను కాసేపు ఆలోచించి నాలుగువందల డెబ్భైఆరు చూపించింది.

లాజరస్ ఆ అంకెను చూసి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"సరే. మాటంటే మాటే. రేపు పోదాం" అన్నాడు.

రెజీనక్క పైటతో కళ్ళు ఒత్తుకుంది. అంత మొండిమనిషి ఒక అంకెకు లొంగాడు.

దాంతో పందిట్లో ఉన్నవాళ్ళందరికీ భయం పట్టుకుంది. నాకు చూడు, మా అత్తకు చూడు అని బల్ల చుట్టూ మూగారు. రెజీనక్క గుచ్చుతూ పోయింది. ఒకామెకు రెండొందల తొంభై. ఇంకొకాయనకు మూడొందలు దాటింది. పెళ్ళికాని పిల్లకు రెండొందల అరవై. అంత ఎక్కువ అంకెలు ఒకే ఊళ్ళో, ఒకే పూట! రెజీనక్క నా వైపు చూసింది. నేను స్ట్రిప్పుల డబ్బా మీద తారీఖు చూశాను. బాగానే ఉంది.

"సముద్రపు గాలికి స్ట్రిప్పులు చెడిపోయుంటాయేమో అక్కా. డబ్బా మూత ఎవరైనా తీసిపెట్టినారా?"

"నా స్ట్రిప్పుల డబ్బా ముట్టుకున్నోళ్ళు ఈ ఊళ్ళో బతికుండరు" అంది. అయినా మిషనుతోపాటు వచ్చే పరీక్షనీళ్ళ సీసా తీసి, ఒక చుక్క వేసి చూసింది. ఆ నీళ్ళకు ఎంత రావాలో డబ్బా మీద రాసి ఉంటుంది, సరిగ్గా అంతే వచ్చింది. మిషను బాగుంది, స్ట్రిప్పులూ బాగున్నాయి.

అప్పుడు పద్మనాభయ్యగారు వచ్చాడు. ఆయన లోపలి ఊళ్ళో వరిపొలం ఉన్న రైతు, చర్చికి చెందినవాడు కాకపోయినా పాటకు ఏటా వస్తాడు. పాటలో కొన్న కోడిపుంజు కుడిచేతిలో రెక్కలు కొట్టుకుంటోంది. ఆయనకు షుగరు ఉన్న సంగతి, మందులు సరిగా వాడని సంగతి అందరికీ తెలుసు.

"ఎడంచెయ్యి ఇస్తున్నందుకు ఏమనుకోబాకమ్మా" అన్నాడు. "దీన్ని వదిలితే మళ్ళీ నేను పట్టలేను."

ఆయనకు నూటఎనభై వచ్చింది.

"చూస్తివా, కోడిపుంజు చేతిలో ఉంటే షుగరు దిగిపోతది!" అని ఎవరో వెనకనుంచి అరిచారు. అందరూ నవ్వారు. రెజీనక్క నవ్వలేదు. నేనూ నవ్వలేదు, ఎందుకంటే తర్వాతి కుర్చీలో షారన్ ఉంది.

గుచ్చినప్పుడు పాప ఏడవలేదు. మిషను నాలుగువందల పన్నెండు చూపించింది.

నాలుగేళ్ళ బిడ్డ, నీళ్ళు తాగడం, పక్క తడపడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి కూర్చున్నాయి. పాపకు జీవితాంతం ఎన్ని సూదులో అని మనసు లెక్క మొదలుపెట్టింది. షారన్ మాత్రం రక్తం వచ్చిన వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, "అమ్మా, తియ్యగా ఉంది" అంది.

రక్తం తియ్యగా ఉందంటోంది! నేను కిషోర్ ఎక్కడున్నాడో వెతుక్కుంటూ లేచాను. రెజీనక్క నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పాప వేలు నోట్లోనుంచి లాగి, వాసన చూసింది. పక్కవేలు కూడా చూసింది.

"టీచరమ్మా, నీ బిడ్డ ఎన్ని తొనలు తినింది?"

"తెలీదు. లాజరస్ మామ ఇచ్చినన్ని."

రెజీనక్క పాపను చంకనెత్తుకుని బోరింగు దగ్గరికి పోయి, చేతులు సబ్బుతో రుద్దిరుద్ది కడిగి, పైటతో తుడవకుండా గాలికి ఆరబెట్టి తీసుకొచ్చింది. మళ్ళీ గుచ్చింది. ఈసారి పాప గట్టిగానే ఏడ్చింది. తొంభైఆరు.

నేను పాపను ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను. అప్పుడు నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆ స్ట్రిప్పు తీసుకునే రక్తం ఆవగింజంత. వేలికి అంటిన పనసరసం రవ్వంత కలిసినా చాలు, అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూది దాన్ని పోగొట్టదు, పులుముతుంది. చక్కెర కరగాలంటే నీళ్ళు కావాలి. మరి ఇన్నాళ్ళూ క్లినిక్కులో రాని తప్పు ఇవాళ ఎందుకు వచ్చింది? పద్మనాభయ్యగారూ తొనలు తిన్నాడు కదా, ఆయనకెందుకు రాలేదు?

"ఎడంచెయ్యి" అంది రెజీనక్క. నా మొహం చూసే ఆ ప్రశ్న పట్టుకున్నట్టుంది. "క్లినిక్కులో నేనే ఎడంచెయ్యి లాక్కుని గుచ్చుతా. ఇక్కడ అందరూ వాళ్ళంతట వాళ్ళు చాపినారు. చర్చి ముందర, నలుగురి ముందర, ఎవరన్నా ఎడంచెయ్యి చాపుతారా? మర్యాదకు కుడిచెయ్యే ఇచ్చినారు. తొనలు తినిన చెయ్యే."

నాకు ఆ వివరణ ఎంత అందంగా అనిపించిందో చెప్పలేను. ఒక్క నిమిషం పాప ఏడుపు కూడా మరిచిపోయాను. ఆ వెంటనే ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. లాజరస్ తొనలు తినడమే కాదు, పండంతా ఆయనే చీల్చాడు. నూనె చేతులతో.

పందిట్లో ఆయన మళ్ళీ మైకు పట్టుకుని గుమ్మడికాయ పాడిస్తున్నాడు.

"చెప్పకుంటే?" అన్నాను మెల్లగా. "ఎట్లాగూ ఆయనకు షుగరు ఉందని మనకు తెలుసు. రేపు కావలిలో ఎట్లాగూ చూస్తారు."

రెజీనక్క కాసేపు ఆ గుడ్డ చుట్టిన కాలి వైపే చూసింది. "అక్కడ ఇంకో అంకె వస్తే? నన్ను మోసం చేసి తీసుకొచ్చినావు అంటాడు. ఇంక జన్మలో ఎవరికీ వేలియ్యడు" అంది. "ఈడున్నోళ్ళు కూడా రాత్రికి భయంతో అన్నం తినరు."

పోయి ఆయన చేతిలో మైకు తీసుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇందాక చూసినవి ఏవీ లెక్కలోకి రావు, అందరూ చేతులు కడుక్కుని మళ్ళీ రావాలి, తప్పు మిషనుది కాదు, కడిగించకుండా గుచ్చిన నాది అని చెప్పింది.

లాజరస్ మొహం వెలిగిపోయింది. మైకు లాక్కున్నాడు. మరో చేత్తో బల్లమీది షుగరు మిషను తీసుకుని ఎత్తి చూపించాడు.

"ఇదిగోనయ్యా, తర్వాత సరుకు! పనసతొనలో తీపుందని కనిపెట్టిన మిషను! మనిషికి వేసి చూస్తే పండు సంగతి చెప్తది, పండుకు వేస్తే ఎవరి సంగతి చెప్తదో! పాడండి, పాడండి!"

"నా కోడి ఇస్తా!" అని పద్మనాభయ్యగారు అరిచాడు. పందిరి పగిలిపోయేలా నవ్వులు.

"ఒకటోసారి!"

"నేను పాడుతుండా బావా" అంది రెజీనక్క.

"ఎంతకు?"

"చేతులు కడుక్కుని ఈ కుర్చీలో కూర్చో. రెండొందలకు తక్కువ వస్తే మిషను నీది, సముద్రంలో పారేసుకో. ఎక్కువ వస్తే నువ్వు నాతో వస్తావు. రేపు కాదు, ఇప్పుడే. ఇదీ నా పాట. ఇంతకంటే పైకి పాడేవాళ్ళుంటే పాడమను."

ఎవరూ పాడలేదు. జనం ముందు ఆయనకు వేరే దారి లేకపోయింది. "రెండోసారి, మూడోసారి" అని నీళ్ళు నమిలినట్టు అనుకుంటూ బోరింగు దగ్గరికి పోయాడు. పిల్లలు వంతులవారీగా బోరింగు కొట్టారు. సబ్బు, మళ్ళీ సబ్బు. గోళ్ళ సందుల్లో ఉన్న నూనె పోయేదాకా రెజీనక్క పక్కనే నిలబడింది.

మూడొందల పద్దెనిమిది.

లాజరస్ ఆ అంకెను తలతిప్పి తిప్పి చూశాడు. "ఇందాక ఎంత? నాలుగొందల డెబ్భైయ్యారు. ఒక్కసారి కడిగితే నూటయాభై పైన దిగింది! ఇంకో రెండుసార్లు కడిగితే సరిపోదా?"

ఈసారి నవ్వులు తక్కువగా వినిపించాయి. "కడుక్కో బావా" అంది రెజీనక్క. "బోరింగు ఎండిపోయిందాకా కడుక్కో. నేను ఈడనే కూర్చునుంటా."

ఆయన నిజంగానే పోయి మళ్ళీ కడుక్కుని వచ్చాడు. ఈసారి ఎడంచెయ్యి చాపాడు, తనంతట తనే. మూడొందల ఇరవైరెండు.

"ఇది కూడా అదే అంటుండాది" అన్నాడు. గొంతులో వేలంపాట లేదు. "మరి కడిగినా పోని తీపి యాడుంది మే?"

"లోపల" అంది రెజీనక్క.

ఆయన తన చేతుల్ని కాసేపు బోర్లా, వెల్లకిలా చూసుకున్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలికంటే ముందు గౌరవం కలిగింది, ఎందుకంటే అడిగిన ప్రశ్న సరైనది. తర్వాత పంచె మోకాలి దాకా లాక్కుని, గుడ్డ చుట్టిన కాలు ఎత్తి బల్లమీద, మిషన్ల పక్కన పెట్టాడు.

"చూడు. తొందరగా చూడు. నొప్పిపెడితే మాత్రం తంతా."

అని మొహం పందిరి గుంజవైపు తిప్పుకుని, పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాడు. రెజీనక్క గుడ్డ తడిపి, మెల్లగా విప్పింది. లోపల ఉన్నది చూసి నేను షారన్ మొహం నా భుజానికి అదుముకున్నాను. రెజీనక్క మొహంలో ఏ మార్పూ లేదు. పుండు చుట్టూ వేలితో నొక్కింది. బొటనవేలిని నొక్కింది, పక్కవేలిని నొక్కింది, అరికాలు నొక్కుకుంటూ మడమ దాకా వచ్చింది.

"ఎంతసేపు మే?" అన్నాడు లాజరస్, ఇంకా గుంజవైపే చూస్తూ. "గుడ్డ విప్పతావా, లేదా?"

రెజీనక్క చెయ్యి ఆగిపోయింది. ఆయన ఇటు తిరిగాడు. విప్పిన గుడ్డ కింద పడి ఉంది. ఆమె బొటనవేలు ఆయన అరికాలిలో దిగి ఉంది, చర్మం అక్కడ సొట్టపోయి ఉంది. ఆయన ఆ వేలి వైపూ, ఆమె మొహం వైపూ చూశాడు.

"ఇంకోసారి నొక్కు" అన్నాడు.

నొక్కింది.

ఆయనకు ఏమీ తెలియలేదు; ఆ కాలిని ఎవరిదో అన్నట్టు చూశాడు. పందిట్లో గుమ్మడికాయ పాట ఇంకా ఎవరికీ ఖాయం కాలేదు. మైకు పక్కన ఉన్నవాళ్ళను ఉద్దేశించి, "మిగతా పాట ఎవరన్నా పాడించండయ్యా" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆదివారం ఆస్పత్రి తెరిచుంటదా రెజీనా?" అని అడిగాడు.

ఆమె అప్పటికే పుండుకు కొత్త కట్టు కడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపట్టి కావలి డాక్టరుగారితో మాట్లాడుతోంది. కిషోర్ ఆటో కోసం పరిగెత్తాడు.